లోపలికి వంగిన పళ్ళు

మా మామ ఎల్లానికి ఈ లోకంలో గౌరవించదగినవి రెండే. ఒకటి ఏడుపాయల దుర్గమ్మ, రెండోది మంజీరలో వాలుగ చేప. ఇంటికి తెచ్చుకున్న అల్లుడు ఆ వరసలో ఎక్కడా లేడని వచ్చిన మొదటి వారంలోనే నాకు తెలిసిపోయింది. "మా అల్లుడు సంగయ్య. నీళ్ళంటే భయం" అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు, నాకేదో కాలు కుంటి అయినట్టు.

అబద్ధం కాదు. మాదీ గంగపుత్రుల ఇల్లే గానీ నేను పుట్టింది తూప్రాన్‌లో, హైవే పక్కన. చేతికి పని అబ్బింది లారీ టైర్ల దగ్గర. గోదావరి ఒక్కతే బిడ్డ కాబట్టి పెళ్ళి మాటల్లోనే మామ తేల్చేశాడు. పిల్ల మెదక్ దాటదు, పిల్లగాడే రావాలి. వచ్చాను. ఖిల్లా కింద రెండర్రల పెంకుటిల్లు. బయటి అర్రలో మామ మంచం, లోపలి అర్రలో మేమిద్దరం. గడప దాటాలంటే ముందు ఆ మంచం దాటాలి. మూడేళ్ళు దాటాను. దాటిన ప్రతిసారీ "ఎటు?" అని అడిగేవాడు. చేతిలో చెంబు కనబడుతున్నా అడిగేవాడు.

డెబ్బై రెండులో వానలు ఎగ్గొట్టాయి. నేను చెప్పేది ఆ తర్వాతి ఎండాకాలం సంగతి.

ఉగాది నాటికే మంజీర పారడం ఆగిపోయింది. ఘనపురం ఆనకట్ట కింద ఎటు చూసినా ఇసుక. పాపన్నపేట దాటాక బండల మధ్య ఒక్క మడుగు మిగిలింది. నదిలో ఉన్న ప్రాణమంతా దాంట్లోకే చేరింది. బొచ్చెలు, రవ్వులు, కొర్రమట్టలు, వేలెడు పొడుగు పరకలు. మా వాళ్ళకొక కట్టడి ఉంది. పారే నీళ్ళు ఆగాక మిగిలిన మడుగులో మృగశిర కార్తె, అంటే మా మిరుగం, వచ్చి కొత్తనీరు పారేదాకా వల పడకూడదు, గాలం పడకూడదు. కొత్తనీరు వస్తే ఆ మిగిలిన చేపలే ఎదురెక్కి గుడ్లు పెడతాయి. ఇంట్లో గింజ లేకపోయినా విత్తనాల మూట విప్పరు కదా, అదే పద్ధతి. ఆ మడుగు కాపలా మా మామది. ఎవరూ అప్పజెప్పలేదు, ఆయనే నెత్తిన పెట్టుకున్నాడు. రోజు విడిచి రోజు తెల్లవారగానే నేను సైకిల్ తొక్కాలి, ఆయన వెనక కూర్చుని దారి పొడుగునా నా తొక్కుడుకు వంకలు పెట్టాలి.

ఒకరోజు మేం బండ మీద కూర్చుని ఉండగా మడుగు నడిమధ్య పరకలు గుంపుగా పైకి ఎగిరాయి. కొన్ని ఒడ్డు మీద ఇసుకలో పడి కొట్టుకున్నాయి. మళ్ళీ నీళ్ళలోకి పోవడానికి వాటికి మనసు లేనట్టే ఉంది. నీళ్ళు ఒకసారి సుడి తిరిగి సర్దుకున్నాయి.

మామ లేచి నిలబడ్డాడు. "వాలుగ" అన్నాడు, చాలా మెల్లగా.

"ఎంతది?"

"నీ రొమ్ము దాక ఉంటది. గా బండ కింద బొక్కల పండుకుంటది పగలంత. కదలదు. దానికి ఉరుకుడు తెల్వదు, ఆగుడు తెల్సు. రెండు పొడుగు మీసాలు ఉంటయి, వాటితోని చూస్తది. పొద్దు గూకినంక బయటికి వస్తది. దాని నోరు కండ్ల ఎనుకదాక చీలి ఉంటది అల్లుడా. చేపనా, కప్పనా, పామా, నీళ్ళకొచ్చిన పిట్టనా అని సూడదు. నమిలేదే లేదు, మింగుడే."

"మంచిగనే బతుకుతున్నది ఐతే. మడుగు మొత్తం దానిదే" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "అది ఏలుతున్నదనుకుంటున్నవా? నది పారితే గా జీవునికి కోసుల పొడుగు తావు. ఇప్పుడు అది సుత చిక్కుకున్నదే. చిక్కుకున్నది గనుకనే గింత పాడుగ తింటున్నది."

అక్కడి నుంచి ఆయనకు అదే చింత పట్టుకుంది. మిరుగం దాకా దాన్ని అట్లాగే వదిలేస్తే మడుగులో విత్తనం మిగలదు. వల వేయడానికి కట్టడి ఒప్పదు. మిగిలింది చెయ్యి ఒక్కటే. బొక్కలోకి చెయ్యి పెట్టి బయటికి లాగాలి. ఆ పనికి నీళ్ళు ఇంకా దిగాలి. మెడలోతుకు దిగితే గానీ మనిషి నిలబడి బండ కిందికి చెయ్యి పెట్టలేడు. అందుకని ఎండలు మండిపోతుంటే ఊరంతా వాన కోసం చూసింది, మా మామ ఒక్కడు నీళ్ళు తగ్గడం కోసం చూశాడు. తాడు పట్టడానికి రెండో మనిషి కావాలి కాబట్టి నేనూ చూడాల్సి వచ్చింది.

ఇంట్లో చూరుకు ఒక ఎండిన వాలుగ దవడ వేలాడుతూ ఉండేది. వైశాఖంలో ఒక మధ్యాహ్నం మామ దాన్ని దించి నా ముందు పెట్టాడు.

"వేలు పెట్టు."

పెట్టాను. సన్నటి పళ్ళు, వరసలు వరసలుగా, అన్నీ గొంతు వైపు వంగి ఉన్నాయి. వేలు లోపలికి పోతున్నప్పుడు ఏమీ తెలియలేదు.

"ఇప్పుడు గుంజు."

గుంజాను. పళ్ళు చర్మంలో దిగబడ్డాయి. ఇంకా గుంజితే ఇంకా దిగాయి. నాకు చెమట పట్టింది, అదీ చచ్చి ఎన్నేళ్ళయిందో తెలియని ఒక ఎముకకు. మామ నవ్వలేదు.

"గుంజకు. లోపలికి తొయ్యి. తోస్తే పట్టు వదులుతది, అప్పుడు చెయ్యి మలిపి తియ్యి. భయపడ్డోడు గుంజుతడు, గుంజినోని చెయ్యి పోతది. ఇంకొకటి. బొక్కల పెట్టే చేతికి దారం సుత ఉండొద్దు. ఉంగరం గానీ, తాయెత్తు గానీ, ఏది తట్టుకున్నా అంతే."

నేను ఆయన కుడిచేతి వైపు చూశాను. మణికట్టుకు రాగి కడెం ఉంది. శివరాత్రి జాతరకు ఏడుపాయల పోయి వేయించుకుని వచ్చాడు.

"మరి గదో?"

"గది మొక్కు కడెం. మొక్కు తీరేదాక తియ్యొద్దు."

"ఏం మొక్కినవ్ మామా?"

"నీకెందుకు" అన్నాడు.

ఆ రోజుల్లోనే రషీద్ కనబడ్డాడు. తూప్రాన్‌లో నేనూ వాడూ ఒకే దుకాణంలో పంక్చర్లు వేశాం. ఇప్పుడు బాలానగర్‌లో ఒక లారీ షెడ్డులో ఉన్నాడు, అప్పుడప్పుడు మెదక్ మీదుగా లారీలో పోతుంటాడు. బస్టాండు దగ్గర చాయ్ తాగించి అసలు సంగతి చెప్పాడు.

"అరే సంగన్నా, మా షెడ్‌ల టైర్ల పనికి మనిషి కావాలె. నీ పేరు చెప్పిన. కిరాయికి ఒక ఖోలీ సుత చూసిన, నల్లా ఉన్నది. మిరుగం నాడు ఇట్లకెళ్ళి పోత. చర్చి గంట పన్నెండు కొట్టేదాక ఇక్కడనే ఆగుత. వస్తే రా, లేకుంటే వేరేటోన్ని పెట్టుకుంటరు."

ఆ రాత్రి నుంచి నాకు అన్నం సహించలేదు. కక్కలేను, మింగలేను. ఇంట్లో మామ దగ్గుతుంటే కోపం వచ్చేది, సైకిల్ చూస్తే కోపం వచ్చేది, చూరుకు వేలాడే ఆ దవడను చూస్తే మరీ వచ్చేది. నాకు ఇరవై ఏడేళ్ళు. చేతిలో పని ఉంది. ఆ పనికి విలువ లేని చోట ఎండిపోయిన నదికి కాపలా కాస్తున్నాను. ఈ మాట ఎవరితోనన్నా అంటే, తిండి పెట్టే ఇంటిని తిడుతున్నాడు అంటారు.

గోదావరికి రషీద్ కబుర్లు చెప్పాను గానీ, నన్ను రమ్మన్న సంగతి చెప్పలేదు. ఆమె ఎండుచేపల గంప దించుకుని వాకిట్లో కూర్చుని ఉంది. పొద్దున్నుంచి బజార్లో ఎండకు మాడి వచ్చింది.

"ఖోలీల నల్లా అంటే, ఇంట్లనా వాకిట్లనా?" అని అడిగింది.

"ఇంట్లనేనట."

"ఇప్పితే వస్తయి ఇగ. మోసుడు లేదు." కాసేపు గంపలోని చేపలను ఊరికే అటూ ఇటూ సర్దింది. "చార్మినార్ కాడ గాజులు అమ్ముతరంట గదా, అంగడి మొత్తం అవ్వేనంట."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరో చెప్పిండ్రు. నాకు గోదావరి అని పేరు పెట్టిండు మా నాయిన. పేరు చూస్తే గంత పెద్దది, నేను చూస్తే మెదక్ దాటలే. లేచినప్పటిసంది గీ ఖిల్లా గోడనే."

ఎప్పుడూ అనే మాటే కదా అని నేను పట్టించుకోలేదు. తండ్రిని వదిలి ఆమె కదలదు అని నా నమ్మకం. అడిగితే కాదంటుంది. కాదంటే నేను పోలేను. అందుకని అడగనే లేదు. ముందు నేను పోయి, కుదురుకుని, తర్వాత రప్పించుకుందాం అనుకున్నాను. నిజంగా అనుకున్నానో, మనసు గిల్లకుండా ఉండడానికి నాకు నేనే చెప్పుకున్నానో, ఇప్పుడు అడిగితే చెప్పలేను.

పెరట్లో కట్టెల వెనక ఒక సంచి దాచాను. రెండు అంగీలు, లుంగీ, గడ్డం గీసుకునే సామాను. మిరుగానికి రెండు రోజుల ముందు తడిమి చూస్తే సంచి బరువనిపించింది. వాన లేదు, తడిసే వీలు లేదు. భయంతో ఉన్నవాడికి అన్నీ బరువుగానే ఉంటాయిలే అని సరిపెట్టుకున్నాను.

మిరుగం నాడు ఇంకా చీకటి విడవకముందే మామ లేపాడు. "నీళ్ళు మెడలోతుకు దిగినయి. ఇయ్యాల తీద్దాం. మిరుగం నాడు వాలుగ కూర తినొచ్చు."

లెక్క వేసుకున్నాను. పోయి, తీసి, పదింటికల్లా మెదక్ వచ్చి పడవచ్చు. రషీద్ పన్నెండు దాకా ఆగుతాడు. ముసలాయనకు చివరిసారి తాడు పట్టి పోతే నా మీద కూడా మచ్చ ఉండదు. బయల్దేరేటప్పుడు గోదావరి గడపలో నిలబడి "జల్ది రాండ్రి" అంది. తండ్రితో అందో నాతో అందో అనుకున్నాను. ఆమె తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. పండుగ కదా అనుకున్నాను.

మడుగు ఒక పెద్ద కల్లం అంత అయిపోయింది. నీళ్ళు పచ్చగా, కుళ్ళువాసన. ఎక్కడా ఒక్క పరక ఎగరలేదు. మామ అంగీ విప్పి, నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస నా చేతికి ఇచ్చాడు. నేను కడెం వైపు చూశాను.

"మామా, నువ్వే చెప్పినవ్. దారం సుత ఉండొద్దని."

"చెప్పిన. నీకు చెప్పిన."

"ఎడమ చెయ్యి పెట్టు ఐతే."

"బొక్క ఎడమకు మలిగి ఉన్నది. కుడి చెయ్యే పోతది" అని దిగాడు.

నీళ్ళు ఆయనకు భుజాలు దాటి వచ్చాయి. బండకు చెంప ఆనించి, చెయ్యి లోపలికి పోనిచ్చాడు. ఎంతసేపు అట్లా ఉన్నాడో. పెదవులు కదులుతున్నాయి, చేపతో మాట్లాడుతున్నాడు. ఉన్నట్టుండి ఆయన మొహం మారింది. నొప్పి మొహం కాదు. ఎవరో వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే మనిషి ఎట్లా ఆగుతాడో అట్లా ఆగాడు.

"పట్టుకున్నదా?"

"పట్టుకున్నది."

"గుంజకు మామా. లోపలికి తొయ్యి." ఆయన పాఠం ఆయనకే చెప్పాను.

"తోసిన. పండ్లు వదిలినయి. కడెం పోయి మొప్పల సందుల ఇరికింది. చెయ్యి వస్తలేదు."

తాడు లాగనా అంటే వద్దన్నాడు. కాసేపు ఆగితే చేప అలసిపోతుందన్నాడు. ఆగాం. ఎండ ఎక్కింది. చెయ్యి అటూ ఇటూ మలిపి చూశాడు, ఇంకా కొంచెం కిందికి దిగి చూశాడు. నేను సూర్యుణ్ని చూస్తూ గంటలు లెక్కపెట్టుకుంటున్నాను. సిగ్గులేదు అని మీరు అనొచ్చు. లేదు. ముసలాయన చెయ్యి చేప నోట్లో ఉంటే నా ప్రాణం బస్టాండు దగ్గర ఉంది.

అప్పుడు ఇసుక మీద చప్పుడు వినబడింది. మెత్తగా, ఎవరో ఎండుటాకులు ఊడుస్తున్నట్టు. తిరిగి చూస్తే పైనుంచి ఎర్రటి నీళ్ళు పలుచగా పరుచుకుంటూ వస్తున్నాయి. ముందర నురగ, చెత్త, చీమలు. మా దగ్గర చినుకు పడలేదు. ఎగువన ఎక్కడో బీదర్ దిక్కున పడి ఉంటుంది.

"కొత్తనీరు" అన్నాడు మామ. ఆ గొంతులో సంతోషమే ఉంది, అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. "వచ్చిందిర. మిరుగం నాడే వచ్చింది."

"నీళ్ళు ఎక్కుతున్నయి మామా."

"ఎక్కుతయి."

బండ మీద తడి గీత ఒక వేలెడు పైకి జరిగింది. తర్వాత ఇంకొక వేలెడు. చెయ్యి కింద బొక్కలో ఉండడంతో ఆయన పైకి లేవలేడు. గదుమ కిందికి వచ్చాయి నీళ్ళు. నేను తాడును బండకు చుట్టి కట్టి, దిగాను. నాకు ఈత రాదు. కాళ్ళ కింద బురద జారింది, ఆయన భుజం పట్టుకుని నిలబడ్డాను. ఆయన చెయ్యి వెంబడి నా చెయ్యి పోనిచ్చాను. మోచెయ్యి, మణికట్టు, ఆ తర్వాత చల్లగా, జిగటగా, పొలుసు అన్నది లేని తోలు. పళ్ళు నా చేతిని గీసుకుంటూ లోపలికి దారి ఇచ్చాయి. కడెం దొరికింది. రెండు కొసలు కలవని కడెం, వేళ్ళతో విప్పదీస్తే తెరుచుకుంటుంది.

"కడెం తీస్త."

"తియ్యొద్దు."

"నీళ్ళు నోటి కాడికి వచ్చినయి మామా."

"మొక్కు తీరలే."

"ఏం మొక్కు అది? సచ్చేంత మొక్కు ఏం మొక్కినవ్?"

ఆయన తల వెనక్కి వాల్చి, ఆకాశం వైపు చూస్తూ చెప్పాడు. "అల్లుడు ఇల్లు ఇడిసి పోవద్దని."

నేను కడెం వదలలేదు.

"రషీద్ లారీ ఇయ్యాల్నే గదా" అన్నాడు. "నాకు తెల్వదనుకున్నవా. బస్టాండు కాడ విన్నోళ్ళు చెప్పరా. మూడేండ్లసంది నా మంచం దాటుతున్నవ్. ఎటు పోతున్నవని అడిగితిని గానీ, పోకు అని అడగలేకపోతిని. నా నోట రాలే. అందుకే దుర్గమ్మకు చెప్పుకున్న."

"ఇప్పుడు కడెం తియ్యనీ."

"పోనని చెప్పు, తియ్యి. నీళ్ళల్ల నిలవడి గంగమ్మ మీద చెప్పు."

"చెప్పకుంటే?"

"చెప్పకుంటే పో. తాడు కట్టినవ్ గదా. పన్నెండు కాలే ఇంక."

బెదిరింపు లేదు ఆ మాటలో. నిజంగానే పొమ్మన్నాడు. నీళ్ళలో నిలబడి గంగమ్మ పేరు ఎత్తితే మా వాళ్ళలో ఆ మాటకు తిరుగు లేదు. అది ఆయనకు తెలుసు, నాకు తెలుసు. చెయ్యి చేప నోట్లో, కాళ్ళు బురదలో, మనిషి మూతి దగ్గర నీళ్ళు. ముసలాయన మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు, అంత ప్రేమ కూడా ఎప్పుడూ కలగలేదు. ఒక నీటి అల వచ్చి ఆయన నోట్లోకి పోయింది, దగ్గాడు.

"పోను మామా. గంగమ్మ సాక్షి, పోను."

"తియ్యి" అన్నాడు.

కడెం కొసలు విప్పదీశాను. ఆయన చెయ్యి లోపలికి తోసి, మలిపి, బయటికి తెచ్చుకున్నాడు. బండ పట్టుకుని పైకి పాకాడు. నా చెయ్యి ఇంకా లోపలే ఉంది. గుంజాలనిపించింది, ఒళ్ళంతా గుంజమంటోంది. గుంజలేదు. తోశాను. మొప్పల సందులో ఇరుక్కున్న కడెం వేళ్ళకు పిడిలాగా దొరికింది. దాన్ని పట్టుకుని వెనక్కి నడిచాను. చేప నాతో పాటే వచ్చింది. బొక్కలోంచి తల వచ్చింది, మీసాలు వచ్చాయి, పొట్ట కింద తోక దాకా సాగిన పొడుగు రెక్క వచ్చింది. తెల్లటి పొట్ట. చిన్న కళ్ళు. ఇద్దరం కలిసి ఒడ్డుకు లాగాం. ఇసుకలో పడుకోబెడితే నా రొమ్ము దాకా ఉంది, మామ చెప్పినట్టే.

ఆయన చెయ్యి మణికట్టు దగ్గర చెక్కుకుపోయింది. తుండుగుడ్డ చుట్టాను. మడుగులో మిగిలిన కొన్ని బొచ్చెలు అప్పటికే కొత్తనీటికి ఎదురు తిరిగి తోకలు కొడుతున్నాయి. మామ వాటిని చూస్తూ కూర్చుని పిల్లవాడిలా ఏడ్చాడు.

పాపన్నపేటలో ఒక ఎడ్లబండి దొరికితే చేపను, మామను, సైకిల్‌ను ఎక్కించాను. మెదక్ చేరేసరికి పొద్దు తిరిగింది. చర్చి గంట ఎప్పుడు కొట్టిందో మాకు వినబడలేదు.

ఇంటికి గొళ్ళెం పెట్టి ఉంది. గోదావరి లేదు. పక్కింటి ఐలవ్వను అడిగితే, పొద్దున మీరు పోయినంక కొద్దిసేపటికే సంచి పట్టుకుని బస్టాండు దిక్కు పోయింది అని చెప్పింది. పెరట్లోకి పోయి చూశాను. కట్టెల వెనక సంచి లేదు.

కొంచెం సేపటికి గోదావరి వచ్చింది. మొహం ఎండకు కమిలి ఉంది. చేతిలో నా సంచి. వాకిట్లోనే ఆగింది. ముందు చేపను చూసింది, తర్వాత తండ్రి చేతికి చుట్టిన తుండుగుడ్డను చూసింది.

"కడెం ఏది నాయిన?"

"మొక్కు తీరింది బిడ్డ" అన్నాడు మామ.

ఆమె నా వైపు తిరిగింది. "మాట ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"ఎక్కడ?"

"నీళ్ళల్ల."

సంచి దించింది. విప్పి, నా అంగీలు తీసి పక్కన పెట్టింది. వాటి కింద ఆమె చీరలు రెండు, రవికలు, దువ్వెన, పెళ్ళికి ఇచ్చిన ఇత్తడి గిలాస ఉన్నాయి. ఒక్కొక్క చీరే దులిపి మళ్ళీ దండెం మీద వేసింది.

"రషీద్ భాయ్ ఒంటిగంట దాక ఆగిండు" అంది. "పాపం, లారీ ముందర జాగ సుత చేసిండు, ఇద్దరికి. నాయినను నెలకు ఒకసారి వచ్చి చూసుకుందామనుకున్న. ఐలవ్వ వండిపెడుత అన్నది. రషీద్ భాయ్‌నే బజార్ల కలిసి లారీ ఎప్పుడో తెల్సుకున్న. అన్ని అడిగి పెట్టిన."

"నాకు చెప్పకపోతివి" అన్నాను.

"నువ్వు చెప్పినవా? సంచి చూసిన నాడే అనుకున్న, ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని. ఆయన దేవతకు చెప్పుకున్నడు. నువ్వు గంగకు చెప్పినవ్. నన్ను ఒక్క మాట అడిగినోడు లేడు."

మామ తల దించుకున్నాడు. నేను గడప మీద కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది, ఆమె ముందు ఏడిచే ముఖం లేదు. ఆమె కొంగు నడుముకు చెక్కి, కత్తిపీట తెచ్చి, చేప ముందు కూర్చుంది. మిరుగం నాడు ఇంట్లో కూర వండకపోతే ఎట్లా.

తల కోస్తున్నప్పుడు మొప్పల్లో కడెం దొరికింది. పళ్ళు గీసుకోకుండా, చెయ్యి లోపలికి తోసి, మలిపి బయటికి తీసింది. తండ్రి నేర్పిన పద్ధతే. చెంబు నీళ్ళతో కడిగింది. మామ ఆశగా చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. తన కుడిచేతికి తొడుక్కుని, రెండు కొసలూ గట్టిగా దగ్గరికి నొక్కింది.

"ఏం మొక్కినవ్ గోదారీ?" అని అడిగాను.

"నీకెందుకు" అంది.

ఆ ఏడు వానలు మంచిగా పడ్డాయి, మంజీర పారింది. మామ చేతికి రెండు వేళ్ళు ముడుచుకోలేదు, వల పట్టడం నా మీద పడింది. తర్వాత ఆరేళ్ళకు ఆయన పోయాడు. దినాలు అయ్యాక ఒకరోజు ఆమెను అడిగాను, ఇప్పుడు పోదామా అని. "నీళ్ళల్ల చెప్పిన మాట నాయినకు చెప్పినవా, గంగమ్మకు చెప్పినవా?" అంది. నేను మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఎండాకాలం మడుగు కాపలా నాది. వాలుగ చేరితే బొక్కలో చెయ్యి పెట్టేది కూడా నేనే. దిగే ముందు మొలతాడు దగ్గర్నుంచి అన్నీ తీసేస్తాను. ఆ నాటి నుంచి పద్దెనిమిది మిరుగాలు గడిచాయి. గోదావరి చేతికి కడెం అలాగే ఉంది.